మేపడం రాదని ఎవరన్నారు?

పాల దిగుబడి ఎందుకు పెరగడం లేదని అడిగితే ప్రతి సదస్సులోనూ ఒకటే జవాబు: "రైతుకు మేపడం రాదు." విని విని విసిగిపోయాం. సరే, లెక్క వేద్దాం.

సంకరజాతి ఆవుకు ఒంటి పోషణకు రోజుకు ఒకటిన్నర కిలోల దాణా, ఆపైన ఇచ్చే ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో పెట్టమంటారు. 10 లీటర్ల ఆవుకు అయిదున్నర కిలోలు. దానికి తోడు 20 కిలోల పైన పచ్చిమేత, 5, 6 కిలోల ఎండుగడ్డి, 50 గ్రాముల లవణ మిశ్రమం. సలహా తప్పని మేం అనం. మీ ఊరి దాణా ధరతో ఆ అయిదున్నరను గుణించి, పాలకేంద్రం చీటీ పక్కన పెట్టి చూడండి. సెంటు భూమి లేని కౌలు రైతు, బోరు ఎండిన రైతు రోజూ ఆ 20 కిలోల పచ్చిమేత ఎక్కడి నుంచి తేవాలో మాత్రం చెప్పరు.

అసలు దెబ్బ వెన్న దగ్గర తగులుతోంది. పచ్చిమేత, గడ్డి లేక దాణా పెంచితే పాలు పెరగొచ్చు. కానీ నెమరుకు పీచు చాలక, పొట్టలో పులుపు పెరిగి వెన్న పడిపోతుంది. ధర కట్టేదేమో వెన్న, ఎస్ఎన్ఎఫ్ శాతాలను బట్టి. లీటర్లు పెరిగినా రేటు తెగుతుంది. బస్తా అమ్మినవాడికి ఏ నష్టమూ లేదు. మన పాలను పూటపూటకూ పరీక్షిస్తారు, మరి వాళ్ల దాణాను?

మన తప్పులూ ఒప్పుకుందాం. దాణా ఒక్కసారే పోసేస్తున్నాం. రెండు మూడు సార్లుగా పెడితే బాగా అరుగుతుంది. మేతను మోపుగా పడేస్తే ఆవు ఆకులు ఏరుకుని కాడలు తొక్కేస్తుంది, ముక్కలు కొట్టి పెడితే ఆ వృథా తగ్గుతుంది. పాలలో నూటికి 87 వంతులు నీళ్లే, అయినా తొట్టి ఎండబెడతాం. ఈ పనంతా చేసేది ఆడవాళ్లు, శిక్షణకు వెళ్లేది మగవాళ్లం. ఇదీ మన తప్పే.

ఇక వరిగడ్డి. హార్వెస్టర్ కోసిన పొలాల్లో చాలాచోట్ల తగలబెడుతున్నాం, వేసవిలో అదే గడ్డి కొంటున్నాం. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే మాంసకృత్తులు పెరుగుతాయి, అరుగుదలా పెరుగుతుంది. (ఆరబెట్టాకే పెట్టాలి, చిన్న దూడలకు వద్దు.) అయితే పొలంలో చెల్లాచెదురైన గడ్డిని కట్టలు కట్టే యంత్రం సమయానికి దొరికితేనే కదా!

దాణా ధర పెరిగినప్పుడల్లా పాల ధరా పెరగాలి. దాణా నమూనాలను ప్రభుత్వం పరీక్షించి ఫలితాలు ఊళ్లో ప్రకటించాలి. కట్టలు కట్టే యంత్రాలు, చాఫ్ కట్టర్లు సన్నకారు రైతులకు తక్కువ అద్దెకు ఇవ్వాలి. వచ్చే సంఘ సమావేశానికి దాణా రసీదు, పాలచీటీ రెండూ తీసుకురండి. ఆ లెక్కలతోనే అధికారుల దగ్గరకు వెళ్తున్నాం.