టమాటా కొమ్మ మీద కొమ్ము పురుగు

జులై మూడో వారం, ఉదయం ఏడు కూడా కాలేదు. "ఒసే, లేచి ఒకసారి ఇటు రా" అని పెరట్లోంచి అమ్మ కేక. ఏ పామో వచ్చిందనుకుని చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. అమ్మ టమాటా మొక్క ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. నిన్న సాయంత్రం దాకా గుబురుగా ఉన్న మొక్కలో పైసగం ఇవాళ లేదు. ఆకుల్లేవు, ఈనెల్లేవు, ఉత్త పుల్లలు. ఒక పచ్చికాయకి సగం చెక్కేసినట్టు పెద్ద గుంట.

"ఏందే ఇది, రాత్రికి రాత్రి గొడ్డు మేసినట్టుంది" అంది.

ఈ మొక్కల కథ కొంచెం చెప్పాలి. మేము ఉండేది న్యూజెర్సీలో. కారు నంబర్ ప్లేట్ల మీద 'గార్డెన్ స్టేట్' అని ఉంటుంది కానీ మా పెరట్లో అమ్మ వచ్చేదాకా గడ్డి తప్ప ఏమీ లేదు. నాన్న పోయాక మొదటిసారి, మేలో, ఆరు నెలలు ఉండటానికి వచ్చింది. నేను పొద్దున వెళితే సాయంత్రమే రావడం. వీధిలో మనిషి కనిపించడు, టీవీలో సీరియల్ అయిపోతే ఇల్లు నిశ్శబ్దం. జూన్ చివర్లో ఒక రాత్రి అన్నం తింటూ మామూలుగా అన్నట్టే అంది: "ఆగస్టులో టికెట్ మార్చడానికి కుదురుద్దేమో చూడు." నేను విననట్టు పెరుగు వేసుకున్నాను. అప్పటికే నాలుగు టమాటా, మూడు వంగ మొక్కలు నాటింది. అవి పూతకొచ్చాక టికెట్ మాట తగ్గింది. అందుకే ఆ పొద్దున ఆ పుల్లల్ని చూసి నాకు నిజంగా భయమేసింది.

మొదట జింక అనుకున్నాం. ఇక్కడ జింకలు మన ఊళ్ళో మేకల్లా తిరుగుతాయి, దేన్నీ వదలవు. కానీ అమ్మ వంగి నేలని చూసింది. "జింకైతే అడుగులుండవూ?" అంది. అడుగుల్లేవు. కింద ఆకు మీద మాత్రం నల్లటి గుళికలు, మిరియాల కంటే కొంచెం పెద్దవి, గీతలు చెక్కినట్టు ఉన్నాయి. అమ్మ ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపింది. "పురుగు పెంటిక. తడారలేదు. ఇక్కడే ఉంది దొంగముండ."

ఇద్దరం పావుగంట వెతికాం. నేను ఫోన్ కెమెరా జూమ్ చేసి మరీ వెతికాను. కనిపించలేదు. నమ్మండి, నా చిటికెన వేలి కంటే పొడుగున్న పురుగు నా ముఖానికి జానెడు దూరంలో ఉన్నా నాకు కనిపించలేదు. అమ్మ గుళికలున్న చోటి నుంచి తిన్నగా పైకి చూసుకుంటూ పోయి ఒక కాడని పట్టుకుంది. "ఇదిగో." కాడ కదిలింది. అప్పుడు తెలిసింది అది కాడ కాదని.

ఆకుపచ్చ ఒళ్ళు, పక్కన ఏటవాలుగా ఏడు తెల్లగీతలు, తోక మీద ఎర్రటి కొమ్ము. కొమ్ము చూసి నేను వెనక్కి గెంతాను కానీ అది కుట్టదు, ఉత్త అలంకారం. ఇక్కడ వీటిని హార్న్‌వార్మ్ అంటారు. రెండు రకాలు. ఎర్రకొమ్ము, ఏడు గీతలుంటే పొగాకు హార్న్‌వార్మ్. నల్లటి కొమ్ము, పక్కన 'వి' ఆకారంలో ఎనిమిది గుర్తులుంటే టమాటా హార్న్‌వార్మ్. పేర్లు అలా ఉన్నాయని ఏ మొక్కదా మొక్క పంచుకుని తింటాయనుకోకండి. రెండూ టమాటా, వంగ, మిరప, పొగాకు, అన్నీ తింటాయి.

"మీది పొగాకు పురుగంట అమ్మా" అన్నాను.

అమ్మది ఒంగోలు దగ్గర పల్లె. నారుమళ్ళు, బ్యారన్లు, గ్రేడింగు, ఆ పనుల్లోనే పుట్టి పెరిగింది. "నా వెనకాల ఇక్కడిదాకా వచ్చిందా?" అని నవ్వింది. ఆ నెలలో అమ్మ అంతలా నవ్వడం అదే మొదలు.

నిజానికి మన పొగాకు చేలల్లో ఉండేది ఇది కాదు. అది లద్దె పురుగు. గుంపుగా గుడ్లు పెడుతుంది, పిల్లలు గుంపుగా ఆకుని గీకి జల్లెడ చేస్తాయి. ఈ కొమ్ము పురుగు అచ్చంగా అమెరికాది, తల్లి ఆకుకి ఒక్కొక్క గుడ్డే విడివిడిగా పెట్టిపోతుంది. ఆ మాటకొస్తే పొగాకు కూడా ఇక్కడిదే, మనకి పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు. పురుగుని మాత్రం తేలేదు, అదొక అదృష్టం.

అమ్మకి వెంటనే తట్టిన మందు పొగాకు కషాయం. పొగాకు కాడలు నానబెట్టి, ఆ నీళ్ళు చల్లడం. నేను ఫోన్లో చదివి పడీపడీ నవ్వాను. ఈ పురుగు పొగాకునే అన్నంలా తింటుంది కదా! నికోటిన్ దాన్ని ఏమీ చెయ్యదు, ఒంట్లోంచి బయటికి పంపేస్తుంది. పైగా పొగాకులో మొజాయిక్ వైరస్ ఉంటే టమాటాకి అంటుకుంటుంది. కషాయం ఆలోచన అక్కడితో ఆగింది. అమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది కూడా.

మరి రాత్రికి రాత్రి అంత ఎలా తిన్నది? తినలేదు. గుడ్డు పగిలాక మూడు నాలుగు వారాలుగా అక్కడే ఉంది. అంగుళంలో పావు వంతు సైజులో ఉన్నప్పుడు మనకి తెలీదు. జీవితం మొత్తంలో తినేదాంట్లో చాలా భాగం చివరి కొన్ని రోజుల్లోనే తినేస్తుంది. మనం గమనించేది ఆ విందుని.

పెద్దదయ్యాక మందుల కంటే చెయ్యే మేలు. ఏరి సబ్బునీళ్ళ బకెట్లో వెయ్యడమే. చిన్నగా ఉన్నప్పుడైతే బీటీ పనిచేస్తుంది. బీటీ పత్తి అని వింటాం చూడండి, ఆ బీటీయే. అదొక బ్యాక్టీరియా. పొడిగానో ద్రవంగానో దొరుకుతుంది. పురుగు ఆ ఆకు తింటేనే పనిచేస్తుంది, తిన్నాక మేత ఆపేసి రెండు మూడు రోజుల్లో చస్తుంది. ఎండకి త్వరగా పాడవుతుంది కాబట్టి సాయంత్రం చల్లాలి, మళ్ళీ మళ్ళీ చల్లాలి. మేం కొన్నాం, వంగ మొక్కల మీద వాడాం. కానీ అసలు మజా వేరేది: యూవీ టార్చ్. ఆన్‌లైన్లో తక్కువకే వస్తుంది. చీకటి పడ్డాక మొక్కల మీద వేస్తే ఆకులు నల్లగా ఉండిపోతాయి, పురుగులు మాత్రం రేడియం బొమ్మల్లా పచ్చగా మెరుస్తాయి. కంట్లోకి మాత్రం కొట్టుకోకండి. మొదటి రాత్రి నాలుగు దొరికాయి. అమ్మ స్వెట్టర్ వేసుకుని, చేతిలో బకెట్ పట్టుకుని, "అదిగో, ఇదిగో" అంటూ తిరుగుతుంటే పక్కింటాయన కిటికీలోంచి చూశాడు. ఏమనుకున్నాడో! మర్నాడు కంచె దగ్గరికొచ్చి, తన మొక్కల మీద కూడా ఒకసారి ఆ టార్చ్ వేస్తారా అని అడిగాడు. అమ్మకి ఇంగ్లిష్ రాదు. అయినా వెళ్ళింది. ఆయనకి మూడు పట్టిచ్చి, ఒక గుమ్మడికాయ తెచ్చుకుంది.

మూడో రాత్రి దొరికినదాని వీపంతా తెల్లటి బియ్యపు గింజలు అతికించినట్టు ఉంది. గుడ్లనుకుని అమ్మ బకెట్ ఎత్తింది. ఆగమన్నాను. అవి గుడ్లు కావు, పట్టుగూళ్ళు. చీమంత కూడా లేని ఒక కందిరీగ జాతి పురుగు తన గుడ్లని సూదితో పొడిచినట్టు దీని ఒంట్లో పెడుతుంది. గుడ్లతో పాటు ఒక వైరస్‌ని కూడా ఎక్కిస్తుంది. అది ఈ పురుగు ఒంటి రక్షణ పనిచెయ్యకుండా చేస్తుంది. పిల్లలు లోపల పెరిగి, చర్మం తొలుచుకుని బయటికొచ్చి, వీపు మీదే గూళ్ళు అల్లుకుంటాయి. ఆ తర్వాత ఇది బతికే ఉంటుంది కానీ ఇంకేమీ తినదు. కాబట్టి అలాంటిది కనిపిస్తే చంపకండి, మొక్క మీదే వదిలెయ్యండి. అందులోంచి వచ్చేవన్నీ మన తరపు సైన్యమే.

ఇదంతా చదివి వినిపించాను. అమ్మ టార్చ్ దాని మీదే ఉంచి చాలాసేపు చూసింది. "ఒంటినిండా పిల్లలు, ఒక్కటీ దానివి కాదు" అంది.

మా చిన్నాన్న పిల్లలు ముగ్గురూ మా ఇంట్లోనే పెరిగారు. నాన్న పోయినప్పుడు ఒకడే వచ్చాడు. ఆ సంగతి అమ్మా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బకెట్ పట్టుకుని లోపలికొచ్చేశాం. తర్వాత రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో వెళ్ళి అమ్మ దాన్ని చూసొచ్చేది. వారం తిరక్కుండానే ఫోన్ చేసి ఆఫీసులో ఉన్న నాకు చెప్పింది: "డబ్బీ మూతలు తెరిచినట్టు తెరుచుకున్నయ్యే. అన్నీ ఎగిరిపోయినయ్." పురుగేమైందని అడిగాను. "కాడకి వేలాడతా ఉంది" అంది.

మన దగ్గర మిద్దెతోట పెంచేవాళ్ళు కంగారుపడక్కర్లేదు, ఈ పురుగు మీకు రాదు. నువ్వు చేలో, అప్పుడప్పుడు వంగ మీద కూడా, తోకకి వంకీ తిరిగిన కొమ్ముతో లావుపాటి పురుగు కనిపిస్తే అది దీని చుట్టం, చేత్తో ఏరేస్తే చాలు. మీ టమాటాలకి అసలు శత్రువు కాయకి చిల్లు పెట్టే శనగపచ్చ పురుగు. దానికి పక్కనే బంతి నాటితే మంచి ఎర, తల్లి పురుగు టమాటాని వదిలి బంతి మీద గుడ్లు పెడుతుంది. ఆ బంతిమొగ్గల్ని చూసుకుంటూ ఉండాలి మరి, నాటేసి మర్చిపోతే కాదు.

ఆగస్టులో టికెట్ మార్చలేదు. మోడులా మిగిలిన ఆ మొక్కే కింది నుంచి మళ్ళీ చిగురేసి సెప్టెంబర్ దాకా కాసింది. పక్కింటాయనకి అమ్మ పచ్చి టమాటా పచ్చడి ఇచ్చింది, కారం తగ్గించి. నవంబర్ మొదట్లో వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒకటే చెప్పింది, చలి ముదరకముందే మొక్కలు పీకేసి మట్టి తిరగెయ్యమని. పురుగు నేలలోకి దిగి, గోధుమరంగు ప్యూపాగా మారి చలికాలమంతా అక్కడే పడుకుంటుంది. తవ్వితే చాలావరకు చస్తాయి.

నిన్న ఆదివారం తవ్వాను. ఒకటి దొరికింది. నున్నగా, ముందుకి కూజా పిడిలా వంగిన కొమ్మతో ఉంది. ఆ పిడిలో దాని నాలుక ఉంటుందట. ఇదే వేసవిలో అరచేతంత చిలుకై, మునిమాపు వేళ పూల ముందు గాల్లో నిలబడి తేనె తాగుతుంది, హమ్మింగ్‌బర్డ్ అనుకుని ఫొటోలు తీస్తారు. అరచేతిలో పెట్టుకుంటే తోక కొంచెం ఆడించింది. ఫొటో తీసి అమ్మకి వాట్సాప్ చేశాను. అక్కడ అర్ధరాత్రి అయినా వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఇంకా చేతిలో పెట్టుకుని చూస్తా ఉన్నావా? మిగతా మూడు పాదులు తవ్వావా లేదా?"