ఆగిపోయిన చట్టం వెనకా చేతులుంటాయి

మన పోటీ పరీక్షల గైడ్లు బ్రిటన్ ఒత్తిడి బృందాల గురించి ఒక చక్కని బొమ్మ గీస్తాయి. భిన్న వర్గాలు తమ గోడు వినిపిస్తాయి, ప్రభుత్వం అందరి మాటా విని మధ్యేమార్గం పడుతుంది, ఈసారి ఓడినవాళ్లు ఇంకాస్త జనాన్ని కూడగట్టుకుని మళ్లీ రావచ్చు. చదవడానికి బాగానే ఉంటుంది. చిక్కల్లా, చట్టం కావాలనేవాళ్లనూ వద్దనేవాళ్లనూ అందులో ఒకే గాటన కట్టెయ్యడంతోనే. కావాలనేవాళ్లు ప్రతి మెట్టు మీదా గెలవాలి. వద్దనేవాళ్లు ఎక్కడో ఒకచోట ఆపితే చాలు.

కుల వివక్ష సంగతే చూడండి. జాతి వివక్ష కిందికి కులాన్నీ చేర్చే అధికారాన్ని 2010 నాటి సమానత్వ చట్టం మంత్రికి ఇచ్చింది. చేర్చడం, చేర్చకపోవడం ఆయన ఇష్టం. బ్రిటన్‌లో కుల వివక్షకు ఆధారాలున్నాయని ప్రభుత్వమే చేయించిన అధ్యయనం ఆ ఏడాది చివర్లోనే చెప్పింది. కాస్ట్‌వాచ్ యూకే, దళిత్ సాలిడారిటీ నెట్‌వర్క్ లాంటి సంస్థలు పట్టు వదల్లేదు. 2013లో ప్రభువుల సభ మొండికేయడంతో సర్కారు దిగొచ్చింది. కులాన్ని చేర్చి తీరాలని చట్టంలోకి ఎక్కింది. గైడు లెక్కన కథ ఇక్కడితో కంచికి వెళ్లాలి.

వెళ్లలేదు. ఇది హిందువులందరి మీదా మచ్చ వేయడమేనని హిందూ కౌన్సిల్ యూకే, హిందూ ఫోరం ఆఫ్ బ్రిటన్ వంటివి గట్టిగా వ్యతిరేకించాయి. అలా వాదించే హక్కు వాళ్లకుంది, నా తగువు వాళ్లతో కాదు. పార్లమెంటు అప్పగించిన పనిని ఏళ్ల తరబడి నాన్చి, 2017లో ‘అసలు చట్టం కావాలా, కోర్టు తీర్పులు చాలవా’ అంటూ మళ్లీ మొదటికొచ్చిన ప్రభుత్వంతోనే. 16 వేలకు పైగా స్పందనలు వచ్చాయి. తీర్పులు చాలు, ఆ నిబంధననే రద్దు చేస్తాం అని 2018 జూలైలో తేల్చేసింది. ఇంతకీ ఆ తీర్పు ఏమిటి? బిహార్ నుంచి వెళ్లిన ఒక ఇంటి పనిమనిషి కేసులో, కొన్ని సందర్భాల్లో కులం కూడా జాతి మూలాల కిందికి రావచ్చని 2014లో అప్పీలు ట్రిబ్యునల్ అంది. ‘రావచ్చు’నట! అంటే అవమానపడిన ప్రతి మనిషీ లాయర్ని పెట్టుకుని, మొదటి నుంచీ రుజువు చేసుకోవాలి. లండన్‌లో దిగిన తెలుగువాళ్లలో ఇంటిపేరు అడిగి ఆరా తీసేవాళ్లు లేరని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?

కులం ఒక్కటే కాదు. చవక మద్యానికి కనీస ధర పెడతామని 2012లో చెప్పిన కామెరాన్ ప్రభుత్వం, మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో ఆ మాట అటకెక్కించింది. స్కాట్లండ్ 2012లోనే చట్టం చేసినా, విస్కీ కంపెనీల సంఘం కోర్టుకెక్కడంతో అమలయ్యేసరికి 2018 వచ్చింది.

బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన గూర్ఖాలు గెలిచారుగా అంటారు. నిజమే. నటి జోవన్నా లమ్లీ ముందు నిలబడగా, 2009 ఏప్రిల్‌లో కామన్స్ సభలో ప్రభుత్వం ఓడింది, మే నెలలో మాజీ సైనికులకు స్థిరనివాస హక్కు ఇచ్చింది. కానీ గూర్ఖాలకు ఎదురుగా సంఘం పెట్టుకుని, మంత్రుల గదుల చుట్టూ తిరిగినవాళ్లెవరు? ఖర్చు లెక్కలు తప్ప అవతల ఎవరూ లేరు. ఇక జనబలమే తేలుస్తుందనేవాళ్లు, 2003 ఫిబ్రవరి 15న యుద్ధం వద్దన్న జనంతో లండన్ వీధులు నిండిపోయాక నెల తిరిగేసరికి ఇరాక్ మీద బాంబులు ఎందుకు పడ్డాయో చెప్పాలి.

ఈ తెరవెనుక ఒత్తిళ్లకు మందంటూ 2014లో లాబీయింగ్ రిజిస్టర్ చట్టం తెచ్చారు. ఆ రిజిస్టర్‌లో పేరు రాయించుకోవాల్సింది ఇతరుల తరఫున పనిచేసే కన్సల్టెంట్లు మాత్రమే. ప్రధానిగా ఆ చట్టం తెచ్చిన కామెరాన్, పదవి దిగాక 2020లో గ్రీన్‌సిల్ అనే ఫైనాన్స్ సంస్థ కోసం అప్పటి ఆర్థికమంత్రి సునాక్‌కు మెసేజ్‌లు పెట్టారు. ఆయన ఆ సంస్థ ఉద్యోగి కాబట్టి రిజిస్టర్‌లోకి రానక్కర్లేకపోయింది!

చేసిన చట్టానికి సభలో చర్చ ఉంటుంది, ఓటు ఉంటుంది. మానుకున్న చట్టానికి మంత్రి ఇచ్చే ఒక ప్రకటనే మిగులుతుంది. మానుకోక ముందు ఏడాదిలో ఎవరెవరు వచ్చి కలిశారో, ఏమడిగారో కూడా ఆ ప్రకటనతో పాటే సభ ముందు పెట్టమనండి. సమతూకం గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.