నేలసంపెంగది ఏ ఊరు?

కొత్త బడిలో చేరిన రోజే మీకు ఎదురయ్యే ప్రశ్న "మీది ఏ ఊరు?" నాన్నగారి సొంత ఊరు చెప్పాలా, మీరు పుట్టిన ఊరు చెప్పాలా, కిందటి ఏడాది చదివిన ఊరు చెప్పాలా అని మీలో చాలామంది తడబడతారు. బదిలీల మీద ఊళ్లు తిరిగే నాకూ ఆ ప్రశ్న కొత్త కాదు. దానికి ఒక పువ్వు దగ్గర మంచి జవాబు ఉందని నా అభిప్రాయం.

పెళ్లి దండల్లో, పూలగుత్తుల్లో కనిపించే తెల్లని నేలసంపెంగ పుట్టిల్లు మెక్సికో. మన సంపెంగ చెట్టుకు పూస్తుంది. ఇది నేలలోని దుంప నుంచి కాడ వేసి పూస్తుంది. అందుకే తెలుగువారు దాన్ని నేలసంపెంగ అన్నారు. కన్నడిగులు సుగంధరాజ అన్నారు. మరాఠీవారికి అది నిశిగంధ, హిందీ, బెంగాలీవారికి రజనీగంధ. వెళ్లిన ప్రతిచోటా దానికి ఒక పేరు దొరికింది.

ఇందులో 'కలకత్తా సింగిల్', 'హైదరాబాద్ సింగిల్', 'మెక్సికన్ సింగిల్' అనే రకాలున్నాయి. మొదటి రెండూ మనవి, మూడోది పరాయిది అనుకోవడం తేలిక. కానీ అన్నింటి మూలమూ ఒక్కటే. మొదటి రెండూ మన ఊరి పేర్లు పెట్టుకున్నాయి, అంతే! బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారు ఇక్కడ రూపొందిన 'శృంగార్' రకాన్ని 'మెక్సికన్ సింగిల్'తో సంకరం చేసి 'ప్రజ్వల్' అనే రకాన్ని తయారుచేశారు. అది దండకూ పనికొస్తుంది, పూలగుత్తికీ పనికొస్తుంది.

పోల్చడం తప్పని నేను అనను. ఒంటిరేకల రకాలకు పరిమళం ఎక్కువ. ముద్ద రకాలు పూలకుండీలో నిండుగా ఉంటాయి. అయితే పోలిక గుణాన్ని బట్టి ఉండాలి కానీ పుట్టుకను బట్టి కాదు.

అలాగని బయటినుంచి వచ్చినవన్నీ మేలు చేస్తాయనీ కాదు. అమెరికా ఖండాల నుంచి అందం కోసం తెచ్చిన లాంటానా మన అడవుల్లోకి పాకి ఇతర మొక్కలకు చోటు లేకుండా చేస్తోంది. నేలసంపెంగ ఉన్నచోట పరిమళం పంచింది. రెండూ వలస వచ్చినవే. తేడా వచ్చాక మెలిగిన తీరులో ఉంది.

కాబట్టి పిల్లలూ, ఈసారి బదిలీ అయిన ఊళ్లో పూలమ్మే ఆమెను ఈ పువ్వును ఏమంటారో అడగండి. ఆ మాట నేర్చుకోండి. మీ ఇంట్లో పిలిచే పేరు కూడా ఆమెకు చెప్పండి.