ల్యాబ్ రికార్డుతో స్కాలా రాదు

విశ్వవిద్యాలయ కంప్యూటర్ సైన్స్ పాఠ్య ప్రణాళికా సంఘం అధ్యక్షుల వారికి,

స్కాలా భాషను మార్టిన్ ఒడెర్‌స్కీ స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్‌ఎల్ విశ్వవిద్యాలయంలో రూపొందించారు. 2004లో అది బయటికొచ్చింది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్, ఫంక్షనల్ పద్ధతులు రెండూ అందులో కలిసే ఉంటాయి. చిక్కంతా అక్కడే. జాబితాలోని అంకెలు కూడమంటే, జావా అలవాటైన విద్యార్థి 'వార్'తో విలువ మారే ఒక వేరియబుల్ పెట్టి లూప్ తిప్పేస్తాడు. ప్రోగ్రామ్ నడుస్తుంది, మార్కులూ పడతాయి, కొత్త పద్ధతి మాత్రం ఒంటబట్టదు. అదే అసైన్‌మెంట్‌లో 'వార్' వాడకూడదంటే రికర్షన్‌కో, 'ఫోల్డ్‌లెఫ్ట్' లాంటి వాటికో మళ్లాల్సి వస్తుంది. ఒడెర్‌స్కీ 2012లో కోర్సెరాలో ఆన్‌లైన్‌లో మొదలుపెట్టిన స్కాలా కోర్సు ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్ల మీదే సాగింది. ఇక్కడి ల్యాబుల్లో మాత్రం ఎక్కువగా జరిగేది సీనియర్ల రికార్డు చూసి ఎక్కించడం (చేతిరాతకు మంచి సాధనే). రికార్డుకిచ్చే మార్కులను టెస్టులు దాటిన కోడ్‌కు, దాని మీద అడిగే వైవాకు మార్చాలని వినతి.