కోర్టులో పోటీ, బయట ఒకే బాట

"ఆటగాడు ఆట ఆడుకోవాలి గానీ, మిగతా సంగతులు అతనికెందుకు?" అనే మాట తరచూ వింటుంటాం. ఈ మాటను మేము ఒప్పుకోం. ఎందుకు ఒప్పుకోమో చెప్పడానికి అమెరికాలోని రెండు బాస్కెట్‌బాల్ జట్ల చరిత్ర చాలు. అవి బోస్టన్ సెల్టిక్స్, లాస్ ఏంజిల్స్ లేకర్స్.

ఎన్‌బిఏ ఫైనల్లో ఈ జట్లు 12 సార్లు తలపడ్డాయి. సెల్టిక్స్ 9 సార్లు, లేకర్స్ 3 సార్లు గెలిచాయి. ఫైనల్ అంటే ఒక్క మ్యాచ్ కాదు. ఏడు మ్యాచ్‌లలో ముందుగా నాలుగు గెలిచినవారే విజేతలు. 1959లో మినియాపొలిస్ జట్టుగా ఉన్న లేకర్స్ 4-0తో ఓడింది. 1960లో లాస్ ఏంజిల్స్‌కు మారింది. ఊరు మారినా రాత మారలేదు. 1962, 1963, 1965, 1966, 1968... అన్నీ ఓటములే. 1969లో ఏడో మ్యాచ్ సొంత ఊళ్ళోనే జరిగింది. గెలుపు సంబరాలకు ముందే పైకప్పు కింద బెలూన్లు కట్టి ఉంచారు. సెల్టిక్స్ 108-106తో గెలిచింది. బెలూన్లు పైనే ఉండిపోయాయి.

1984లో ఎనిమిదో ఓటమి. ఆ మరుసటి ఏడాదే లేకర్స్ బోస్టన్ గడ్డ మీదే 4-2తో గెలిచింది. ఆ సిరీస్‌లో ఉత్తమ ఆటగాడు కరీం అబ్దుల్ జబ్బార్. అప్పటికి ఆయన వయసు 38. తర్వాత 1987లో, 2010లో లేకర్స్, 2008లో సెల్టిక్స్ గెలిచాయి.

ఇదంతా స్కోరుబోర్డు చెప్పే చరిత్ర. అది చెప్పని చరిత్ర మరొకటుంది. 1959 జనవరిలో లేకర్స్ జట్టు వెస్ట్ వర్జీనియాలోని చార్ల్‌స్టన్‌కు వెళ్ళింది. నల్లజాతి ఆటగాళ్ళకు హోటల్లో గది ఇవ్వలేదు. ఎల్జిన్ బేలర్ ఆ రోజు ఆడనన్నాడు. అప్పటికి అతను జట్టులో చేరి ఒక్క ఏడాదైనా కాలేదు. ఆ మ్యాచ్ లేకర్స్ ఓడిపోయింది. 1961లో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో సెల్టిక్స్ నల్లజాతి ఆటగాళ్ళకు తిండి పెట్టలేదు. బిల్ రస్సెల్, తోటి నల్లజాతి ఆటగాళ్ళు ఆడకుండా ఇంటిదారి పట్టారు. తెల్లజాతి సహచరులు మ్యాచ్ ఆడారు.

ఆ నిరాకరణ వల్ల వారి ఆట తగ్గిందా? 1962 ఫైనల్లో సెల్టిక్స్ మీద ఒకే మ్యాచ్‌లో బేలర్ 61 పాయింట్లు చేశాడు. ఫైనల్స్‌లో ఆ రికార్డును ఎవరూ దాటలేదు. 1966లో రస్సెల్ ఎన్‌బిఏలో తొలి నల్లజాతి కోచ్ అయ్యాడు. ఆడుతూనే కోచ్‌గా 1968, 1969లలో లేకర్స్‌ను ఓడించాడు. రస్సెల్‌కు 11 కప్పులు. బేలర్ మాత్రం ఒక్క ఫైనల్ కూడా గెలవకుండానే 1971లో ఆట విరమించాడు. అయినా ఆత్మగౌరవం విషయంలో ఇద్దరిలో ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అని మేము లెక్క వేయలేం.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మనలో చాలామందిమి ఇంట్లో తొలి చదువరులం. మన ఊళ్ళ టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఎలాంటిదో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. "నీకెందుకు, బుద్ధిగా చదువుకో" అని మనకూ చెబుతారు. చదువుదాం, ర్యాంకుల కోసం పోటీ పడదాం. వార్షికోత్సవం ఆటల్లో గదికీ గదికీ, సీనియర్లకూ జూనియర్లకూ పోటీ ఉండాల్సిందే. కానీ మనలో ఒక్కరికి బయట అవమానం జరిగిన రోజున ఓడినవాళ్ళం, గెలిచినవాళ్ళం ఒకే వరుసలో నిలబడాలి. లెక్సింగ్టన్‌లో మ్యాచ్ ఆడిన సహచరుల్లా మాత్రం మిగలకూడదని మా అభిప్రాయం.