నాలుగు అంగుళాల టోపీ

గుర్రప్పందెం అనగానే మనకు అప్పులపాలైన ఇండ్లే జ్ఞాపకం వస్తాయి. అయితే ఇంగ్లండులోని ఆస్కాట్ మైదానంలో గుర్రాలకంటె ముందు, చూడవచ్చినవారి బట్టలను చూస్తారు. 1711లో ఆన్ రాణి ప్రారంభించిన మైదానమది.

ఏటా జూన్ నెలలో ఐదు రోజులు జరిగే రాయల్ ఆస్కాట్ పందేలలో, రాయల్ ఎన్‌క్లోజర్ అనే ఆవరణలోనికి వెళ్లాలంటే పురుషులకు నలుపు, బూడిద లేక ముదురు నీలం రంగు పొడవు కోటు, తలపై ఎత్తయిన టోపీ ఉండాలి. స్త్రీల గౌనుకు భుజంపట్టీ అంగుళానికి తగ్గరాదు. టోపీ అడుగు నాలుగు అంగుళాలైనా ఉండాలి. జుట్టులో గుచ్చుకొనే చిన్న ఈకల అలంకారం 2012 నుండి అక్కడ చెల్లదు. మన పెండ్లిండ్లలో పెద్దమ్మలైనా ఇంతగా కొలవరు!

మర్యాదగా ముస్తాబై రమ్మనడం తప్పు కాదు. మన ఇండ్లలోనూ పిల్లలకు చెప్పేదే. కాని 1955 వరకు విడాకులు పొందినవారిని ఆ ఆవరణలోనికి రానిచ్చేవారు కారు, ఎంత మంచి టోపీ పెట్టుకున్నా సరే. బట్టను కొలిచే చేయి మనిషిని కూడా కొలవడం నాకు రుచించదు.

1965లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పందేలకు జీన్ ష్రింప్టన్ అనే ఇంగ్లీషు మోడల్ టోపీ, చేతితొడుగులు, మేజోళ్లు లేకుండా, మోకాలి పైకున్న గౌనుతో వచ్చింది. గుడ్డ చాలక అలా కుట్టారట. పత్రికలు గగ్గోలు పెట్టాయి.

ఎప్సమ్, ఎయిన్‌ట్రీ మైదానాలను నడిపే జాకీ క్లబ్ 2023లో ఇటువంటి నియమాలను చాలావరకు ఎత్తివేసింది. ఆస్కాట్ దాని క్రింద లేదు. అక్కడ ఇంకా నాలుగు అంగుళాలే.