యార్డు గోదాములో మొదటి చోటు మన బస్తాకే

మార్కెట్ యార్డుకు సరుకు తోలుకెళ్లినప్పుడు అక్కడున్న గోదాముల వంక ఎప్పుడైనా పరీక్షగా చూశారా? చాలాచోట్ల తలుపులకు తాళాలుంటాయి. గోడ మీద అద్దెకు తీసుకున్న సంస్థ పేరు ఉంటుంది. దాని ముందే బయలులో మన బస్తాలుంటాయి. మబ్బు పట్టిందంటే పట్టాల కోసం పరుగులు పెట్టేది మనమే.

కొన్నేళ్ల కిందట ఒక ఫిబ్రవరి నెలలో మా ఊరి రైతుకు తోడుగా నేను యార్డుకు వెళ్లాను. ఎనిమిది క్వింటాళ్ల కందులు. ఆ వారంలోనే ధర బాగా దిగింది. "రెండు నెలలు ఆగి అమ్ముకుంటాను, ఇక్కడే దాచుకోవడానికి చోటివ్వండయ్యా" అని అడిగాడు. "గోదాములన్నీ అద్దెకిచ్చేశాం, ఖాళీ లేదు" అన్నారు. వెనక్కి తేవాలంటే మళ్లీ ట్రాక్టరు కిరాయి, మళ్లీ హమాలీ కూలి. సాయంత్రానికి వాన కమ్ముకొచ్చింది. చెప్పిన ధరకే కాటా వేయించి ఇంటికొచ్చాం. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇంతకీ ఆ గోదాములు ఎవరి సొమ్ముతో లేచాయి? 1966 నాటి మార్కెట్ల చట్టం కింద యార్డులో జరిగే కొనుగోళ్ల మీద మార్కెట్ రుసుం వసూలవుతుంది. నోటిఫై చేసిన సరుకుల మీద సాధారణంగా నూటికి రూపాయి. కట్టేది కొనుగోలుదారే అయినా, ఆ ఆదాయానికి మూలం మన పంటే. ఆ రాబడితో కొన్ని, నాబార్డు వంటి సంస్థల రుణంతో కొన్ని గోదాములు కట్టారు. తెలంగాణలో 2014 తర్వాత నాబార్డు రుణంతో పెద్దఎత్తున కట్టారు. ఆ రుణం తీరాల్సింది కూడా మార్కెట్ల రాబడితోనే. అందుకని అక్కడ చోటు అడగడం దయ కోరడం కాదు, మనకున్న హక్కును అడగడం.

అద్దెకివ్వడమే తప్పని నేను అనడం లేదు. గోదాము ఖాళీగా పడుంటే కమిటీకి రాబడి లేదు, రేకు కారినా బాగుచేయించే దిక్కుండదు. పైగా అద్దెకు తీసుకునే వాటిలో గిడ్డంగుల సంస్థ, పౌరసరఫరాల సంస్థ వంటివి ఉంటాయి. వాళ్లు నిల్వచేసే బియ్యమూ మన వడ్లదే. బియ్యం దించుకోవడానికి చోటు లేకపోతే మిల్లులు ఆగుతాయి, మిల్లులు ఆగితే ఊళ్లో కొనుగోలు కేంద్రంలో మన వడ్ల కుప్ప కదలదు. కాబట్టి వాళ్లను బయటికి పంపమనడం మనకే చేటు. తగవు అద్దె గురించి కాదు, ఎవరికి మొదట, ఎవరికి తర్వాత అన్న దాని గురించి.

మనకు మొదటి చోటు ఎందుకు కావాలో లెక్క వేసి చూడండి. మార్కెట్ కమిటీల్లో సరుకు తాకట్టు మీద అప్పిచ్చే రైతుబంధు పథకం ఎప్పటినుంచో ఉంది. (2018లో తెలంగాణలో అదే పేరుతో వచ్చిన ఎకరా పెట్టుబడి సాయం వేరు, ఇది వేరు.) గోదాములో సరుకు పెడితే దాని విలువలో 75 శాతం దాకా, పథకం పరిమితికి లోబడి అప్పిస్తారు. మొదటి 180 రోజులకు వడ్డీ లేదు. పది క్వింటాళ్ల కందులు, క్వింటాలు 6,000 అనుకుందాం. విలువ 60,000, అప్పు 45,000. అదే 45,000 బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఆరు నెలలకు 5,400 కట్టాలి. ఎరువుల కొట్టు బాకీ తీరుతుంది, కూలీలకు డబ్బు అందుతుంది, సరుకు మాత్రం మన పేరునే ఉంటుంది. ధర పెరిగితే లాభం మనకే, పెరగకపోయినా వడ్డీ భారం లేదు. కానీ గోదాములో చోటే లేకపోతే ఈ పథకం కాగితం మీద ఉండిపోతుంది.

అందుకే గోదాములు అద్దెకిచ్చేటప్పుడు కమిటీలు నాలుగు విషయాలు పాటించాలి.

ఒకటి, ప్రతి యార్డులో కనీసం మూడో వంతు చోటు రైతు సరుకు కోసం ఏడాది పొడుగునా ఉంచాలి. జనవరిలో పెట్టిన కంది జూలై దాకా ఉండొచ్చు కాబట్టి, నెలా రెండు నెలలు ఇస్తే సరిపోదు.

రెండు, పంట వచ్చే కాలం గడిచాక కూడా ఆ చోటు నిండకపోతే, మిగిలింది అద్దెకివ్వొచ్చు. అయితే గడువు చిన్నదిగా, తర్వాతి పంట దిగేలోపు ఖాళీ చేసేట్టుగా రాసుకోవాలి.

మూడు, ఏ గోదాము ఎవరికిచ్చారు, అద్దె ఎంత, గడువు ఎప్పటిదాకా, ఎంత ఖాళీ ఉంది అన్నది యార్డు గేటు దగ్గర బోర్డు మీద తెలుగులో రాయాలి. ప్రైవేటు వ్యాపారులకిస్తే బహిరంగ వేలంలోనే ఇవ్వాలి.

నాలుగు, పది బస్తాల రైతుకూ వంద బస్తాల రైతుకూ ఒకే వరస ఉండాలి. కౌలురైతుకు పాసుపుస్తకం లేదని తిప్పి పంపకూడదు. పంట పండించినట్టు ఊళ్లో ధ్రువీకరిస్తే చాలనాలి.

ఇక మన తప్పు కూడా ఒప్పుకోవాలి. "రైతులే రావడం లేదు" అని కార్యదర్శులు చెప్పేది అన్నిచోట్లా అబద్ధం కాదు. ఐదారు బస్తాలకు కిరాయి దండగని మనం వెళ్లం. తడి ఆరని సరుకు తీసుకెళితే వాళ్లు వద్దంటారు, అదీ న్యాయమే. తేమ ఎక్కువున్న గింజకు పురుగు, బూజు పడితే పక్క రైతు బస్తాలకూ చేటు. పప్పుధాన్యాల్లో తేమ పది పన్నెండు శాతానికి దిగేదాకా ఎండబెట్టండి. వాడకట్టులో నలుగురైదుగురు కలిసి ఒకే ట్రాక్టరులో తీసుకెళ్లండి. బస్తాల మీద ఎవరి పేరు వారు రాసి, రసీదు ఎవరిది వారు తీసుకోండి.

అడగవలసిన సమయం పంట దిగాక కాదు, దిగకముందే. దసరా లోపు నలుగురు కలిసి కమిటీ కార్యాలయానికి వెళ్లండి. పాలకవర్గంలో రైతుల తరఫు సభ్యులుంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి. ఈ ఏడు రైతులకు ఎన్ని బస్తాల చోటు ఉంచారని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద దరఖాస్తు, పది రూపాయల రుసుం. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అద్దె ఒప్పందాల నకళ్లు కూడా అడగొచ్చు.

వచ్చే కంది కోతలకు మీ యార్డులో చోటు ఉంటుందో లేదో మీరు కల్లం అలికే రోజుకే తెలిసిపోవాలి. బస్తాలు దించాక అడిగితే మా ఊరి రైతుకు చెప్పిన మాటే మీకూ చెబుతారు.